మిగిలిపోయిన మరమేకు

యంత్రమును విప్పి మరల బిగించిన పిమ్మట ఒకటి రెండు మరమేకులు చేతిలో మిగిలిపోవుట మన ఇండ్లలో చిరకాలముగా చెల్లుచున్న హాస్యము. గోడగడియారము కానిండు, కుట్టుమిషను కానిండు, బాగుచేసినవాడు మిగిలిన మేకును అటునిటు త్రిప్పి చూచి, "ఇది లేకున్నను నడచుచున్నది కదా" అని దానిని అగ్గిపెట్టెలో దాచును. చుట్టును ఉన్నవారు నవ్వుదురు. యంత్రము కూడ కొంతకాలము నడచును. కాని ఒక మేకు మిగిలినదనగా ఎక్కడనో ఒక రంధ్రము ఖాళీగా ఉన్నదని అర్థము. ఆ రంధ్రము గడియారములో ఉన్నచో కాలము తప్పును. కారులో ఉన్నచో ప్రాణము తప్పవచ్చును. కనుక ఈ హాస్యమును ఒకసారి నవ్వు మాని పరిశీలించుట మంచిది.

ఇప్పుడీ ప్రస్తావన ఎందుకన, పాతకాలపు కార్లను విప్పి, శుభ్రపరచి, యథాతథముగా మరల కూర్చెడి అభిరుచి మన దేశములో వ్యాపించుచున్నది. 50 ఏండ్లు దాటి, మూలరూపము చెడకుండ నిలిచిన వాహనములకు ప్రత్యేకమైన రిజిస్ట్రేషను నిచ్చుటకు కేంద్ర ప్రభుత్వము 2021లో నిబంధనలు చేసినది. హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదములో నిజాము ప్రభువుల 1912 నాటి రోల్స్‌రాయిస్ కారును చూచుటకు జనులు పోవుచున్నారు. రాజుల కార్ల మాట అటుంచుడు. ఉత్తరపారా కర్మాగారములో 1957లో పుట్టి, 2014లో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడరు, మంత్రికిని, డాక్టరునకును, బాడుగ డ్రైవరునకును సమానముగా సేవచేసిన కారు, నేడు పెరటి రేకులషెడ్డులలోనుండి వెలికివచ్చి మరల ప్రాణము పోసికొనుచున్నది. తండ్రి నడపిన కారును కుమారుడు స్వహస్తములతో నిలబెట్టవలెనని కోరుట మెచ్చదగిన కోరిక. ఆ కోరికతో పానా చేతపట్టినవాడు మొదట నేర్చుకొనునది ఇంజను శాస్త్రము కాదు. తన ఏమరుపాటు స్వభావము.

మన భాషలో ఒక విచిత్రము కలదు. 'ప్రమాదము' అను మాటకు సంస్కృతములో అర్థము అజాగ్రత్త, ఏమరుపాటు. 'ప్రమాదో ధీమతామపి' అన్నపుడు బుద్ధిమంతులకును పొరపాటు తప్పదనియే భావము. పతంజలి యోగసూత్రములలో చిత్తమునకు కలుగు అంతరాయములను లెక్కించుచు వ్యాధి, సంశయము, ఆలస్యము మున్నగువాని సరసన ప్రమాదమును చేర్చినాడు. తెలుగులో ఆ మాట ఏమరుపాటును వదలి, దాని ఫలమైన అపాయమును పట్టుకొన్నది. నేడు పత్రికలో 'రోడ్డు ప్రమాదము' అని చదివినపుడు మనకు కనబడునది పగిలిన అద్దము, పడిన మనిషి. దాని వెనుక ఉన్న పరాకు కాదు. అయినను మూలార్థము పూర్తిగా పోలేదు. 'అప్రమత్తుడు' అన్నచో ఇప్పటికిని మెలకువ గలవాడనియే అర్థము. కార్యమును సూచించు మాట మారినది. కారణమును సూచించు మాట మిగిలినది. ఆ రెంటిని మరల జతపరచుటయే కారు కూర్చువాడు చేయవలసిన మొదటి పని.

తప్పులన్నియు ఒక జాతివి కావు. తెలియక చేయునది ఒకటి. తెలిసియు కావలెనని చేయునది మరియొకటి. తెలిసియు, చేయగలిగియు, ఆ క్షణమున మనస్సు మరియొకచోట ఉండుటచేత జరుగునది మూడవది. మొదటిదానికి విద్య మందు. రెండవదానికి శిక్ష మందు. మూడవదానికి ఆ రెండును పనిచేయవు. ఏలయన ఇది కొత్తవానికంటె చేయి తిరిగిన పనివానికే తరచుగా జరుగును. కొత్తవాడు ప్రతి బోల్టును భయముతో చూచి బిగించును. పాతవాని చేయి తనంతట తాను పోవుచుండును. మనస్సు పిల్లవాని ఫీజు గురించియో, రాని బాకీ గురించియో ఆలోచించుచుండును. నైపుణ్యము పెరిగినకొలది చేతికి మనస్సుతో పని తగ్గుట సహజము. అదే నైపుణ్యమునకు బలము, అదే దాని బలహీనత.

అయినను ఏమరుపాటు విప్పునపుడుకంటె బిగించునపుడే ఎందుకు బాధించును? మానవుల పొరపాట్లను జీవితకాలము పరిశోధించిన ఆంగ్ల మనస్తత్త్వవేత్త జేమ్స్ రీజన్ దీనికొక చక్కని ఉదాహరణ చెప్పినాడు. ఒక బోల్టునకు ఎనిమిది నట్టులు ఒక నిర్ణీత క్రమములో ఎక్కించి ఉన్నవనుకొందము. వానిని తీయుటకు ఒకే మార్గము కలదు. చివరి నట్టు మొదట వచ్చును, దాని వెనుకది తరువాత వచ్చును. తీయువాడు తప్పుచేయవలెనన్నను చేయలేడు. మరల ఎక్కించునపుడో? ఎనిమిది నట్టులను 40,320 క్రమములలో ఎక్కింపవచ్చును. అందులో ఒకటి ఒప్పు. తక్కిన 40,319 తప్పులు. విప్పునపుడు యంత్రమే మనకు దారి చూపును. బిగించునపుడు ఆ దారి మన జ్ఞాపకములో మాత్రమే ఉండును. జ్ఞాపకమును నమ్ముకొన్నవాడు 40,319 గోతుల నడుమ కన్నులు మూసికొని నడచుచున్నాడని తెలియవలెను.

అంబాసిడరు కారులో చాలకాలము వాడిన 1489 ఘన సెంటీమీటర్ల ఇంజనునే తీసికొందము. నాలుగు సిలిండర్లు. వానిలో నిప్పు రగులు వరుస 1-3-4-2. ఈ వరుస తెలియని మేస్త్రి లేడు. అయినను డిస్ట్రిబ్యూటరు మూత తీసి పెట్టి, టీ త్రాగి వచ్చి, తీగలను 1-2-3-4గా తగిలించిన మేస్త్రులు కలరు. ఇంజను దగ్గును, తుమ్మును, సైలెన్సరులో ప్రేలును; నడవదు. ఇంతకంటె సూక్ష్మమైనది మరియొకటి. పిస్టను పైకొసకు వచ్చినపుడు గుర్తుచూచి డిస్ట్రిబ్యూటరు పెట్టవలెను. కాని క్రాంకు రెండు చుట్లు తిరిగినపుడు వాల్వులను నడపు క్యాము ఒక చుట్టే తిరుగును. కనుక మొదటి పిస్టను పైకొసకు రెండుమారులు వచ్చును: ఒకమారు గాలిని అదిమిపట్టి, ఒకమారు పొగను వెడలగొట్టి. గుర్తు రెండుమారులును ఒకచోటనే నిలుచును. మొదటిదో రెండవదో చూడక పెట్టినవానికి అన్నియు సరిగా పెట్టినట్లే తోచును. ఇంజను మాత్రము ప్రారంభము కాదు. గుర్తు కలిసినంతమాత్రమున సత్యము కలిసినట్లు కాదని ఇంతకంటె స్పష్టముగా చెప్పగల గురువు ఎవడు?

క్లచ్ ప్లేటు సంగతి మరియొక పాఠము. దానికి రెండు ముఖములు కలవు. నడిబొడ్డు ఉబ్బెత్తుగా ఉన్న ముఖము గేరుబాక్సు వైపునకు ఉండవలెను. తిరగవేసి పెట్టినను అది కూర్చుండును, పైమూత బిగియును, గేరుబాక్సు ఎక్కును, కారు క్రిందికి దిగును. పెడలు త్రొక్కినపుడు మాత్రము క్లచ్ విడువదు. అప్పుడు గేరుబాక్సునంతను మరల దింపవలెను. అరనిమిషపు పరాకునకు ఒకదినము కూలి. అట్లే కనెక్టింగు రాడ్డులకు క్రింది టోపీలు. ప్రతి టోపీయు తన రాడ్డుతో కలిపి తొలచినది. ఒకదాని టోపీ మరియొకదానికి చూచుటకు సరిపోవును గాని నిజముగా సరిపోదు. అందుకే వానిపై అంకెలు గుద్దియుందురు. ఆ అంకెలను చూడక కలిపిపెట్టినచో బేరింగు పట్టివేసి క్రాంకునకే చేటు వచ్చును. సిలిండరు హెడ్డు నట్టులను నడుమనుండి ఇరువైపులకు, విడతలు విడతలుగా బిగింపవలెను. ఒక మూలనుండి వరుసగా బిగించుకొని పోయినవానికి హెడ్డు వంగి, గాస్కెట్టు కారి, నీరును నూనెయు కలిసి ఫలము కనబడును.

ఇవన్నియు ఒక విధముగా దయగల తప్పులు. ఇంజను నడవకుండుటయే, క్లచ్ విడువకుండుటయే తప్పును బయటపెట్టును. పాతకారు మంచి బడి అనుటకు కారణమిదే. అందులో ప్రతి భాగమును కంటికి కనబడును, చేతికి అందును. తప్పునకును దాని ఫలమునకును నడుమ దూరము తక్కువ. కాని దయలేని తప్పులును కలవు. స్టీరింగు కీలు మీది నట్టునకు స్ప్లిట్ పిన్ను గ్రుచ్చుట మరచినను కారు ఆ దినము చక్కగా తిరుగును, మరునాడును తిరుగును. బ్రేకు డబ్బాలో బ్రేకు ద్రవమునకు మారుగా ఇంజను ఆయిలు పోసినను మొదటిసారి త్రొక్కినపుడు బ్రేకు పట్టును. ఆ నూనెకు లోపలి రబ్బరు కప్పులు మెల్లమెల్లగా ఉబ్బి పాడగును. ఇట్టి తప్పు షెడ్డులో బయటపడదు. లోయ ప్రక్కన బయటపడును. మిగిలిపోయిన మరమేకును చూచి నవ్వరాదనుట ఇందుకే.

ఈ మాట కార్లకే చెల్లునది కాదు. 1990 జూన్ 10వ తేదీన ఇంగ్లండులోని బర్మింగ్‌హామునుండి స్పెయినులోని మలగాకు బయలుదేరిన విమానమొకటి 17,000 అడుగులకు పైగా లేచినపుడు దాని ముందరి అద్దము ఊడి ఎగిరిపోయినది. పైలట్ నడుమువరకు బయటికి లాగబడినాడు. సిబ్బంది అతని కాళ్లు పట్టుకొని నిలువగా, సహపైలట్ విమానమును సౌతాంప్టనులో దింపినాడు. అదృష్టవశమున అందరును బ్రతికినారు. విచారణలో తేలినదేమి? ఆ అద్దమును అంతకు ముందురోజు తెల్లవారుజాముననే మార్చినారు. దానికి పట్టు 90 బోల్టులలో 84 బోల్టులు కావలసినదానికంటె కొంచెము సన్ననివి. తక్కిన ఆరును పొట్టివి. బిగించినవాడు అనుభవము లేనివాడు కాడు. పాత బోల్టును చేతపట్టుకొని, దానికి సరిపోవునని కంటితో చూచి కొత్తవి ఏరినాడు. అంగుళపు కొలత కారునకు మిల్లీమీటరు బోల్టును "ఎక్కుచున్నది కదా" అని త్రిప్పు మన షెడ్డు మేస్త్రికిని, ఆ రాత్రి ఆ విమానముమీద పనిచేసిన ఆంగ్లేయునకును స్వభావములో భేదము లేదు. భేదమంతయు తరువాత జరిగినదానిలోనే కలదు. అక్కడ విచారణాధికారులు అతనిని నిందించి ఊరకొనలేదు. బోల్టులు ఎక్కడనుండి తెచ్చినాడు, ఆ వేళ వెలుతురెంత, పనిని రెండవవాడు ఎందుకు చూడలేదు అని ప్రశ్నించి, జవాబులు వ్రాసి, లోకమునకు ప్రకటించినారు.

ఏమరుపాటునుండి పాఠము నేర్చుట అనగా ఏమియో జపానులో జరిగిన ఒక చిన్న సంగతి మరింత తేటగా చెప్పుచున్నది. 1961లో షిగియో షింగో అను ఇంజనీరు ఒక విద్యుత్పరికరముల కర్మాగారమునకు పోయినాడు. అక్కడ చేయు ఒక స్విచ్చిలో రెండు మీటల క్రింద రెండు చిన్న స్ప్రింగులు పెట్టవలెను. పనివారు అప్పుడప్పుడు ఒక స్ప్రింగు మరచుచుండిరి. ఫిర్యాదు వచ్చినపుడెల్ల అధికారి పనివారిని మందలించును, కొంతకాలము బాగుండును, మరల మామూలే. షింగో మందలింపు మాన్పించి, ప్రతి స్విచ్చికి ముందుగా రెండు స్ప్రింగులను ఒక చిన్న పళ్లెములో తీసి పెట్టుమన్నాడు. స్విచ్చి పూర్తియైన పిమ్మట పళ్లెములో స్ప్రింగు మిగిలియున్నచో, మరచినారని వెంటనే తెలియును. మన ఇండ్లలో నవ్వులపాలైన మిగిలిపోయిన మరమేకే అక్కడ గురుపీఠము నెక్కినది! ఎన్ని ఉన్నవో ముందు లెక్కించినవానికే ఎన్ని మిగిలినవో అర్థమగును.

ఆ కథకు ఒక అనుబంధము కలదు. ఈ పద్ధతికి తొలుత 'బాకా-యోకే' అని పేరుండెడిది. బాకా అనగా మూర్ఖుడు. 1963లో మరియొక కర్మాగారములో ఆ పేరు విని, తనను మూర్ఖురాలిగా ఎంచినారని ఒక పనిమనిషి కంటతడి పెట్టినది. అంతట షింగో పేరును 'పోకా-యోకే'గా మార్చినాడు. పోకా అనగా పరాకున జరిగిన పొరపాటు. మారినది ఒక అక్షరమే. కాని ఆ మార్పులో ఒక ధర్మము కలదు. పొరపాటు చేసినవాడు మూర్ఖుడు కాడు, మనిషి. మనిషిని మార్చవలెనని తిట్టుటకంటె, మనిషి మరచినపుడు గుర్తుచేయునట్లు పనిని మార్చుట మేలు.

మన మెకానిక్కు షెడ్డులలో పరిస్థితి ఏమి? పానా అందించు కుర్రవాడు నట్టు పారవేసినచో ముందు వీపుమీద దెబ్బ పడును, పిమ్మట ప్రశ్న వచ్చును. ఆ దెబ్బ నేర్పునది జాగ్రత్త అని పెద్దలు నమ్ముదురు. అది నేర్పునది దాచుట. ఇంజనులోనికి జారిన వాషరును గూర్చి చెప్పినచో దెబ్బ తప్పదని తెలిసిన కుర్రవాడు చెప్పడు. వాషరు లోపలనే ఉండును. అది ఎప్పుడో పండ్లచక్రముల నడుమ చిక్కుకొని చప్పుడు చేయువరకు ఎవరికిని తెలియదు. తప్పునకు విధించు శిక్ష ఎంత పెద్దదో, తప్పును దాచుటకు ప్రేరణ అంత పెద్దది. దాచబడిన తప్పు ఎవరికిని పాఠము చెప్పలేదు. చేసినవానికి కూడ చెప్పలేదు. ఏలయన అతని మనస్సంతయు తప్పు ఎట్లు జరిగినదను విచారణలో గాక, తప్పు ఎట్లు బయటపడకుండునను చింతలో మునిగియుండును. ఇది షెడ్డులకు మాత్రమే పట్టిన జాడ్యము కాదని, బడులలోను, కచేరీలలోను ఇదే తంతు నడచుచున్నదని చదువరులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇట్లని ఏమరుపాటును ముద్దుచేయవలెనని మా అభిప్రాయము కాదు. "మనిషన్న తరువాత పొరపాటు సహజము" అని చేతులు దులుపుకొనుట తిట్టుటకంటె చెడ్డది. తిట్టుట తప్పును గుర్తించుచున్నది. దులుపుకొనుట అదియును చేయదు. సహజమని తెలిసినందువలననే ముందుగా ఏర్పాటు చేసికొనవలెను. ఏర్పాట్లు గొప్పవి కావు. విప్పిన ప్రతి భాగమునకు చీటి కట్టుట. తీసిన బోల్టును వీలైనచో దాని రంధ్రములోనే రెండు చుట్లు త్రిప్పి ఉంచుట. అట్టముక్కమీద హెడ్డు బొమ్మ గీచి, ఏ బోల్టు నచ్చటనే గ్రుచ్చుట. చేతిలోని ఫోనుతో విప్పకముందే నాలుగు ప్రక్కల ఫోటో తీయుట. బిగించిన నట్టుమీద రంగుతో ఒక గీత పెట్టుట. గీత లేనిది బిగింపనిదని అర్థము. పని నడుమ ఎవరైన పిలిచినచో, తిరిగి వచ్చినపుడు ఆగినచోట గాక రెండు మూడు మెట్లు వెనుకకు పోయి మొదలుపెట్టుట. బ్రేకు, స్టీరింగు ఒకడు బిగించినపుడు మరియొకడు చూచుట. ఒకసారి విప్పి మరల బిగించుటకు పట్టు కాలముతో పోల్చిన వీని ఖర్చు ఏపాటిది?

వీనికన్నిటికిని పైన ఒకటి కలదు: వ్రాసి పెట్టుట. ఇక్కడ సాహిత్యలోకము కర్మాగారమునకు దారి చూపవలసియున్నది. మన పాత తెలుగు పుస్తకములు తెరచినచో చాలవానిలో ఆదినో అంతమునో 'తప్పొప్పుల పట్టిక' కనబడును. ఫలాన పుటలో, ఫలాన పంక్తిలో ఇది తప్పు, ఇది ఒప్పు అని ముద్రాపకుడు తన లోపములను తానే వరుసగా అచ్చువేసి పాఠకుని చేతికి ఇచ్చెడివాడు. అందులో సిగ్గు లేదు. పశ్చాత్తాపపు ఆర్భాటము లేదు. ఎవరు చేసినారను విచారణయు లేదు. తప్పు ఎక్కడ ఉన్నది, దానిని ఎట్లు దిద్దుకొనవలెను, అంతే. ఆ పట్టిక ఉన్నందున ఆ పుస్తకముల గౌరవము తగ్గలేదు. దానిని చూచి పాఠకుడు, "వీరు అచ్చయిన పిమ్మట కూడ తమ పుస్తకమును చదివినవారు" అని నమ్మెడివాడు.

ప్రతి షెడ్డు గోడమీదను అట్టి పట్టిక ఒకటి వ్రేలాడుట మేలు. 'క్లచ్ ప్లేటు తిరగబడినది. ముఖము చూచి, సుద్దతో గుర్తుపెట్టవలెను.' 'తీగలు తారుమారైనవి. తీయకముందే అంకెలు కట్టవలెను.' వ్రాసినవాని పేరు అక్కరలేదు. మేస్త్రియే తన తప్పును మొదటి పంక్తిగా వ్రాసినచో కుర్రవాడు తన వాషరు సంగతి చెప్పుటకు భయపడడు. పాతకార్లను ఎరిగిన మేస్త్రులు నానాటికి తగ్గుచున్నారు. ఆ మేస్త్రులతోపాటు పోవునది చేతి నేర్పు ఒక్కటే కాదు. ఏ తప్పు ఎక్కడ పొంచియున్నదో ఎరిగిన జ్ఞానము. నేర్పును చూచి నేర్చుకొనవచ్చును. తప్పును మాత్రము చెప్పినగాని తెలిసికొనలేము. తరువాతివాడు అదే గోతిలో పడకుండ ఉండవలెనన్నచో, పడినవాడు అక్కడ ఒక రాయి పాతి పోవలెను. కారు మరల నడచుట సంతోషము. ఎట్లు నడవక పోయెనో వ్రాసి పెట్టుట ఆ సంతోషమును ఇతరులకు పంచుట.